ఓఎస్ ఫ్రీగా ఏసిస్తం సార్!

హనుమకొండలో కంప్యూటర్ కొనడానికి వెళ్ళినవాడికి జరిగే మర్యాద ఇంకే అంగట్లోనూ జరగదు. బంగారం కొంటే చిన్న పర్సు చేతిలో పెట్టి పంపిస్తారు. పట్టుచీర కొంటే కూల్‌డ్రింకు ఇస్తారు. అదే అసెంబుల్డ్ సిస్టం కొని చూడండి: విండోస్ 11 ప్రో ఫ్రీ, ఎంఎస్ ఆఫీస్ ప్రొఫెషనల్ ప్లస్ ఫ్రీ, ఫొటోషాప్ ఫ్రీ, కోరెల్‌డ్రా ఫ్రీ, ట్యాలీ ఫ్రీ. అడగాల్సిన పని లేదు. వద్దన్నా వినరు. "ఉండనీయండి సార్, ఎప్పుడన్న పనికొస్తయ్" అంటూ డెస్క్‌టాప్ నిండా బొమ్మలు పేర్చి ఇస్తారు. విడివిడిగా కొంటే సిస్టం ఖరీదును దాటిపోయే సరుకంతా ఊరికే ధారపోసిన ఆ దానకర్ణుడే, మౌస్ ప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి నూటయాభైలో పది రూపాయలు కూడా తగ్గించడు. ఎందుకంటే మౌస్ ప్యాడ్ ఆయన కొనుక్కొచ్చాడు.

వ్యాపారంలో ఆయన నిజాయితీని శంకించే సాహసం నేను చేయను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ మెట్లు ఎక్కి దిగి, మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో బేరమాడి మోసుకొచ్చిన మనిషి. ఏ భాగానికి ఎన్నేళ్ళ వారంటీ ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. కొనేవాడూ తక్కువ తిన్నవాడు కాదు. ప్రాసెసర్ డబ్బా సీలు తన కళ్ళ ముందే తీయాలంటాడు. ర్యామ్ డూప్లికేటేమోనని స్టిక్కరు గోటితో గీకి చూస్తాడు. ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లో యూట్యూబ్ చూసి వచ్చి మరీ నిలదీస్తాడు. సీరియల్ నెంబర్లన్నీ బిల్లు మీద రాయించుకుంటాడు. ఇంతటి జాగ్రత్తపరుడూ విండోస్ దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"అన్నా, అప్‌డేట్లు, గిప్‌డేట్లు అని సతాయించదు కదా?"

"ఏం సతాయించదన్నా. అది నేనే బంద్ చేసిస్త."

ఇద్దరికీ తృప్తి. పెళ్ళికొడుకు మావాడే, తొడుక్కున్న చొక్కా మాత్రం వాడిది కాదు అన్న పాత కథలో కనీసం చొక్కా సొంతదారు పక్కనే నిలబడి గొణుగుతుంటాడు. ఇక్కడ ఆ ఇబ్బంది కూడా లేదు. ఈ చొక్కా సొంతదారు మైక్రోసాఫ్ట్, ఉండేది అమెరికాలో రెడ్‌మండ్‌లో.

సిస్టాన్ని అమ్మకానికి ముస్తాబు చేసే తీరు దగ్గర కూర్చుని చూడాల్సిన ముచ్చట. షాపు కుర్రాడి తాళాల గుత్తికి ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. ఊళ్ళో సగం కంప్యూటర్లను పలకరించి వచ్చిన పెన్‌డ్రైవ్ అది. దాన్ని గుచ్చి ఫార్మాట్ కొడతాడు. యూజర్ పేరు అడిగితే 'యూజర్' అని కొడతాడు. పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలేస్తాడు. ఆ తర్వాతే అసలు ఘట్టం. విండోస్ సెక్యూరిటీ తెరిచి, అందులో ఉన్న వైరస్ కాపలాను ఒక్కొక్కటిగా ఆపుకుంటూ పోతాడు. ఎందుకు బాబూ అంటే, "లేకపోతే క్రాక్‌ని వైరస్ అనుకుంటది సార్" అంటాడు. నల్లటి తెర ఒకటి తెరుచుకుంటుంది. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాం ఒకటి అడ్మినిస్ట్రేటర్ హక్కులన్నీ పుచ్చుకుని లోపలికి వెళుతుంది. అక్కడ ఏమేం చేస్తుందో కుర్రాడికీ తెలియదు, డబ్బు కట్టినవాడికీ తెలియదు. అర నిమిషంలో పచ్చటి అక్షరాలు.

"అయిపోయింది సార్. లైఫ్‌టైమ్."

అప్పుడు అదే కుర్రాడు అద్దాల బీరువాలోంచి యాంటీవైరస్ డబ్బా తీస్తాడు. "ఇది మాత్రం ఒరిజినల్ తీస్కోండి సార్, సేఫ్టీ ముఖ్యం" అంటాడు. కీ గీకి, నెంబరు కొట్టి, బిల్లులో రాస్తాడు. ఆ బిల్లు మొత్తంలో డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అదొక్కటే. కాపలా ఆపిందీ అతనే, కాపలా అమ్మిందీ అతనే. కొత్తగా వచ్చిన యాంటీవైరస్ విధి నిర్వహణలో భాగంగా క్రాక్‌ని పట్టుకుంటే, దానికి నచ్చజెప్పి మినహాయింపుల జాబితాలో పెట్టడం కూడా ప్యాకేజీలో భాగమే.

ఇంతకీ ఆ 'లైఫ్‌టైమ్' లోపల ఏముంది? వందల కంప్యూటర్లున్న సంస్థల్లో ఒక్కొక్కదానికీ విడిగా కీ కొట్టే పని లేకుండా మైక్రోసాఫ్ట్ కేఎంఎస్ అని ఒక ఏర్పాటు చేసింది. సంస్థ లోపలే ఒక సర్వర్ ఉండి అన్నిటినీ యాక్టివేట్ చేస్తుంది. ఆ యాక్టివేషన్ 180 రోజులే చెల్లుతుంది. గడువు దాటకుండా సర్వర్‌ని మళ్ళీ మళ్ళీ పలకరించి పొడిగించుకోవాలి. పైగా కనీసం 25 కంప్యూటర్లు వచ్చి అడిగితే తప్ప ఆ సర్వర్ విండోస్‌ని యాక్టివేట్ చేయదు. షాపుల్లో ఏళ్ళుగా నలిగిన క్రాకులు చేసే పని ఈ సర్వర్ వేషం కట్టడమే. అంటే కుమార్‌పల్లిలో రెండు గదుల అద్దింట్లో, మంచం పక్కన ఒంటరిగా నిలబడ్డ సీపీయూ తానొక పాతిక పైచిలుకు కంప్యూటర్లున్న సంస్థలో సభ్యుణ్ణని ప్రకటించుకుంటుంది. తనే అర్జీ పెట్టుకుంటుంది, తనే సంతకం చేస్తుంది, గడువు ముంచుకొస్తే తనే రెన్యువల్ కూడా చేసుకుంటుంది. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచినప్పుడు ఊరంతా సంబరపడ్డాం. అనవసరపు సంబరం. కేఎంఎస్ లెక్కన వరంగల్‌లో ఇంటికో కార్పొరేట్ ఆఫీసు ఎప్పటి నుంచో నడుస్తోంది.

ఇంకో విచిత్రం. విండోస్‌లో హోమ్ అనే ఎడిషన్ ఒకటుందని మన ఊళ్ళో చాలామందికి తెలియదు. విండోస్ 7 రోజుల్లో అందరికీ అల్టిమేటే. ఇప్పుడు అందరికీ ప్రో, మరీ మొహమాటస్తులకు ఎంటర్‌ప్రైజ్. ఎనిమిదో తరగతి పిల్లాడు పెయింట్‌లో బొమ్మ గీసుకోవడానికి ఆఫీసు నెట్‌వర్క్‌లో చేరే సదుపాయం, డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉండి తీరాలి. చేతి నుంచి డబ్బు పడేటప్పుడు మనిషి తన అవసరం ఎంతో లెక్క చూసుకుంటాడు. పడనప్పుడు లెక్కెందుకు?

ఇక అప్‌డేట్లు బంద్ చేయడమనే మహోపకారం. 2017 మే 12న వాన్నాక్రై ప్రపంచం మీద పడింది. కంప్యూటర్‌లోని ఫైళ్ళకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్ళు బతికారు. బంద్ చేయించుకున్నవాళ్ళ సంగతి వాళ్ళకే తెలుసు. వాన్నాక్రైకి అప్‌డేట్ పూడ్చని కంత కావాలి, ఆ తర్వాత వచ్చిన 'స్టాప్' రాన్సమ్‌వేర్‌కి ఆ శ్రమ కూడా లేదు. అది ఎక్కువగా క్రాకుల రూపంలో, యాక్టివేటర్ల రూపంలో వ్యాపించింది. మనమే పిలిచి, కాపలా ఆపి, హక్కులన్నీ ఇచ్చి లోపల కూర్చోబెట్టుకున్నాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా, ఇప్పుడు పాత మిషన్లకు టీపీఎం అనే భద్రతా చిప్ పరీక్ష తప్పించి మరీ విండోస్ 11 ఎక్కించే సేవ మొదలైంది. అలాంటి మిషన్‌కి అప్‌డేట్లు అందుతాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. షాపాయన ఇస్తాడు.

షాపుల కన్నా, సొంతంగా సిస్టం కట్టుకుని వాడి అమ్మే కుర్రాళ్ళ ముస్తాబు ఇంకా రంజుగా ఉంటుంది. చివరి సెమిస్టర్ అయిపోగానే కాజీపేట, నయీంనగర్ హాస్టళ్ళ నుంచి ప్రకటనలు బయల్దేరతాయి: "గేమింగ్ పీసీ, ఐ5, 16 జీబీ ర్యామ్, ఆర్‌జీబీ ఫ్యాన్లు ఆరు, విండోస్ 11 ప్రో యాక్టివేటెడ్, ఆఫీస్ లైఫ్‌టైమ్. రేటు ఫిక్స్‌డ్." కుర్రాడు క్యాబినెట్ విప్పి బ్లోయర్‌తో దుమ్ము కొడతాడు. వైర్లన్నీ జిప్ టైలతో అందంగా కట్టేస్తాడు. ప్రాసెసర్‌కి థర్మల్ పేస్ట్ కొత్తగా రాస్తాడు. గ్రాఫిక్ కార్డ్ బిల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చూపిస్తాడు. లోపల మాత్రం అతని జీమెయిల్ లాగిన్, హాస్టల్ ఫొటోలు, వాళ్ళమ్మగారి ఆధార్ కార్డు స్కాన్ కాపీ ఎక్కడివక్కడే ఉంటాయి. బయట మెరుగు, లోపల అమ్మగారి ఆధార్. దీన్నే కండిషన్ సూపర్ అంటారు.

సక్రమంగా అమ్మాలంటే ఏం చేయాలో చెబితే ఆ కుర్రాడు నవ్వుతాడు. అయినా చెప్పి చూద్దాం. రిటైల్ లైసెన్స్ మనిషి వెంట నడుస్తుంది. ఈ మిషన్ నుంచి తీసి ఇంకో దాంట్లో వేసుకోవచ్చు, లేదా సిస్టంతో పాటు కొన్నవాడికి ఇచ్చేయొచ్చు. రెండిట్లో ఒకటే, రెండూ కుదరవు. కంప్యూటర్‌తో పాటే వచ్చే ఓఈఎం లైసెన్స్ మదర్‌బోర్డును అంటిపెట్టుకుని ఉంటుంది. బోర్డు ఎటు పోతే అదీ అటే. కంప్యూటర్లు కట్టి అమ్మేవాళ్ళ కోసమే ఓఈఎం సిస్టం బిల్డర్ లైసెన్స్ అని ఒకటుంది. దాని షరతుల్లో ఒక ముచ్చటైనది ఏమిటంటే, విండోస్ మొరాయిస్తే కొన్నవాడికి సాయం చేయాల్సింది కంపెనీ కాదు, కట్టి అమ్మినవాడే. మన బిల్డర్లు ఈ ఒక్క షరతునూ లైసెన్స్ కొనకుండానే పాటిస్తున్నారు. ఏ బాధ చెప్పుకున్నా వాళ్ళ దగ్గర సాయం సిద్ధంగా ఉంటుంది: "ఫార్మాట్ కొట్టాలె సార్, మూడొందలు."

చదువుకునే రోజుల్లో కాలేజీ ఇచ్చిన కీ, ఆఫీసు వాళ్ళ వాల్యూమ్ కీ అమ్ముకునే సరుకు కాదు. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు దొరికే 'ఒరిజినల్ ప్రో కీ' చాలాసార్లు ఇలా పక్కదారి పట్టినదే. విండోస్ దాన్ని ఒప్పుకున్నంత మాత్రాన లైసెన్స్ చేతికొచ్చినట్టు కాదు. రేపు కీ బ్లాక్ అయితే, అమ్మినవాడి ఫోన్ నెంబరు అంతకుముందే బ్లాక్ అయి ఉంటుంది.

లైసెన్స్ సంగతి తేలాక మిగిలింది ఒక సాయంత్రం పని. డిస్క్ పూర్తిగా తుడిచేయాలి. విండోస్ కొత్తగా వేసి, డ్రైవర్లు ఎక్కించి, అప్‌డేట్లు పూర్తి చేసి, సిస్‌ప్రెప్ అనే పనిముట్టుతో మొదటి పలకరింపు తెర దగ్గరికి తెచ్చి ఆపేయాలి. కొన్నవాడు బటన్ నొక్కగానే భాష, పేరు, పాస్‌వర్డ్ తనే పెట్టుకుంటాడు. మన మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ మిషన్ పేరు తీసేయాలి. కీ ఉన్న డబ్బా, స్టిక్కర్, కొన్న బిల్లు అతని చేతిలో పెట్టాలి. అంతే. ఆరు ఫ్యాన్ల లైట్లు ఒకే రంగులో వెలిగేలా చేయడానికి ఇంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి వాదనలు మొదలవుతాయి. మొదటిది, "బిల్ గేట్స్‌కి ఏం తక్కువైంది?" పాపం, ఆయన ఇరవై ఏళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడే ఈ బాధ పడ్డాడు. 1975లో ఆల్టెయిర్ 8800 కిట్ కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకున్న అమెరికా ఔత్సాహికులు ఆయన బేసిక్ ప్రోగ్రాంని కాపీలు కొట్టి పంచుకున్నారు. సామానుకు డబ్బిస్తారు, ప్రోగ్రాంకి ఇవ్వరా అని 1976 ఫిబ్రవరిలో ఆయన వాళ్ళకు బహిరంగ లేఖ రాశాడు. కాబట్టి ఈ విద్యను మనం కనిపెట్టామని గర్వపడనక్కర లేదు. అలా వాపోయిన పెద్దమనిషే 1998లో చైనా ప్రస్తావన వచ్చినప్పుడు, ఎలాగూ దొంగిలిస్తారు గనక మా సరుకే దొంగిలించడం మంచిది, అలవాటు పడ్డాక వసూలు సంగతి చూసుకోవచ్చు అన్న ధోరణిలో మాట్లాడాడు. అందుకే కంపెనీ మీద జాలి పడమని నేనడగను. పదేళ్ళు క్రాక్ విండోస్ తప్ప ఇంకోటి ముట్టని పిల్లాడు రేపు ఉద్యోగంలో చేరి, ఆ ఆఫీసు చేత అదే కొనిపిస్తాడు. దొంగతనం చేసి కూడా దొరకు లాభం తెచ్చిపెట్టే దొంగలం మనం.

రెండోది, "విదేశీ కంపెనీ కదండీ." ట్యాలీ బెంగళూరుది. అను ఫాంట్లు తెలుగు అక్షరాల కోసమే పుట్టినవి. వాటినేం వదిలామా? ఈ ఒక్క విషయంలో మనకు స్వదేశీ, విదేశీ భేదం లేదు.

మూడోది, "అందరూ చేసేదే కదా." నిజమే. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ లెక్కల ప్రకారం 2017లో మన దేశంలోని సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్స్ లేనిదే. ప్రపంచం మొత్తం మీద అది 37 శాతం. ప్రజాస్వామ్యంలో మెజారిటీ మనదే. చట్టం మాత్రం ఓట్లు లెక్కపెట్టలేదు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంని కథ, కవితల సరసనే సాహిత్య కృతిగా లెక్కిస్తుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభానికో వ్యాపారానికో వాడలేదని తేలితే జైలు లేకుండా జరిమానాతో పోవచ్చు. అమ్మేవాడికి ఆ వెసులుబాటు ఎలా వస్తుంది? ఆయన చేసేదే వ్యాపారం.

ఓరుగల్లు గొప్పలు చెప్పుకోవడంలో మనకు సాటి లేదు గనక ఒకటి గుర్తు చేస్తాను. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని, సరుకు వర్తకుడిదేనని ఆయన రాతి మీద చెక్కించాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చినదైనా పరాయి సొమ్మేనని ఓరుగల్లు రాజు ఒప్పుకుని ఎనిమిది వందల ఏళ్ళు కావస్తోంది. ఆ కాకతీయుల తోరణం బొమ్మ ముద్రించుకున్న విజిటింగ్ కార్డు చేతికిస్తూ, పెన్‌డ్రైవ్‌లో కొట్టుకొచ్చినదంతా మనదే అంటున్నాం.

చివరి వాదన, కాస్త బరువైనది: "పేదవాళ్ళం సార్." విండోస్ 11 హోమ్ రిటైల్‌లో పదివేల పై మాట. నలభై వేల సిస్టంకి అది పావు వంతు. తండ్రి ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి కొనిచ్చే సిస్టం అయితే అది నిజంగానే భారం. ఒప్పుకుంటాను. కానీ ఆ పేదవాడి కోసం ఎవరూ దొంగతనం చేయాల్సిన పని లేదు. విండోస్ బదులు ఉబుంటు ఉంది, లినక్స్ మింట్ ఉంది, ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ఉంది. పైసా అడగరు, క్రాక్ అక్కర్లేదు, అప్‌డేట్లు బంద్ చేయక్కర్లేదు, ఎన్ని మిషన్లలో వేసి అమ్మినా చట్టం కాదనదు. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదే చదువుకుంటున్నారు. మన పిల్లలకు అది రాదనుకుంటే వాళ్ళను తక్కువ చేయడమే. అసలు చిక్కు ఇంకోటి. లినక్స్ వేసిస్తే ఆరు నెలలకోసారి ఫార్మాట్ కొట్టే గిరాకీ పోతుంది.

పెళ్ళిపత్రికలు వేసే డీటీపీ సెంటర్ల కథ ఇంకా బాధాకరం. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 మీదే ఇప్పటికీ బండి లాగుతున్నవాళ్ళున్నారు. దానికి యూనికోడ్ తెలియదు, కాబట్టి అను ఫాంట్లు కావాలి, రెండిటికీ క్రాక్ కావాలి, అది నడవడానికి పాత విండోస్ కావాలి, దానికీ క్రాక్ కావాలి. ఒక దొంగ కాపీ కోసం ఇంకో రెండు. మరోపక్క పోతన 2000 అనే యూనికోడ్ ఫాంట్‌ని తిరుమల కృష్ణ దేశికాచారి గారు ఉచితంగానే ఇచ్చారు. భాగవతాన్ని రాజులకు అమ్మనన్న కవి పేరు పెట్టుకున్న ఫాంట్. ఆ కవి ఊరు బమ్మెర ఇక్కడికి గంటన్నర దూరం కూడా లేదు. ఉచితంగా ఇచ్చింది ముట్టకుండా, అమ్మకానికి పెట్టింది దొంగిలించే తెలివి మనకే చెల్లింది.

కాబట్టి పేదరికం పేరు, దేశభక్తి పేరు, బిల్ గేట్స్ పేరు చెప్పుకోవడం మానేద్దాం. ఇది అలవాటు, అంతే. కంటికి కనపడే ఇనుముకు డబ్బిస్తాం, కనపడని మనిషి పనికి ఇవ్వం. రేపు మన పిల్లలు మడికొండలోనో, మాదాపూర్‌లోనో కూర్చుని రాసేది ఆ కనపడని సరుకే. అమ్మేవాళ్ళకు దారులు లేకపోలేదు. లైసెన్స్ వేసి బిల్లులో చూపించండి. లేదంటే లినక్స్ వేసివ్వండి. అదీ కాదంటే ఖాళీ డిస్క్ ఇచ్చి, ఓఎస్ లేదని రాసి చెప్పండి. ఈ మూడిట్లో ఏదీ సిగ్గుపడాల్సిన పని కాదు.

కొనేవాళ్ళకు చెప్పేది ఇంకా చిన్నది. స్టిక్కర్లు గోటితో గీకడం అయ్యాక బిల్లు ఒకసారి పైనుంచి కిందికి చదవండి. అందులో విండోస్ అనే వరుస, దాని ఎదురుగా ఒక ధర లేకపోతే మీకు ఎవరూ విండోస్ ఇవ్వలేదు. ఇవ్వనిదానికి థాంక్స్ చెప్పకండి. ఆ వరుస రాయించుకున్నాకే డబ్బు కట్టండి.